చుట్టేస్తే చంకలో పట్టే పరుపు

ముందే ఒప్పుకుంటున్నాను. నేను పెంచి చెబుతాను. పదిహేడేళ్లు సైన్యంలో స్టోర్ కీపర్‌గా పనిచేసినవాణ్ని. నేను పేల్చిన తూటాల కంటే లెక్కపెట్టిన దుప్పట్లు ఎక్కువ. దుప్పట్ల సంగతి ఉన్నదున్నట్టు చెబితే సొంత బావమరిది కూడా లేచి వెళ్లిపోతాడు. అందుకని కాస్త మందుగుండు కలుపుతాను. ఇందులోనూ కలిపాను. ఎక్కడ పూర్తిగా అబద్ధమాడానో చివర్లో నేనే చెబుతాను, మీరు వెతుక్కోనక్కర్లేదు.

అబిడ్స్ సెక్టార్‌లో అడుగుపెట్టింది గురువారం ఉదయం పది నలభైకి. డిసెంబరు రెండో వారం. ఎండ పల్చగా ఉంది. గాలి తూర్పు నుంచి, అంటే ఆగివున్న బస్సు సైలెన్సర్ నుంచి వీస్తోంది. ముందు ఆటోలు, వెనక ఆటోలు, కుడిపక్కన తోపుడు బండి మీద జామకాయలు. వెనక్కి తగ్గే దారి లేదు. నా దగ్గరున్న సామగ్రి: హెల్మెట్ ఒకటి, కొలత టేపు ఒకటి, చేతి గడియారం ఒకటి, తువ్వాలు ఒకటి, నొప్పి మాత్రలు నాలుగు, వెన్నెముక ఒకటి. చివరిది సగమే పనిచేస్తుంది. బలగం: నేను ఒక్కణ్నే.

లక్ష్యం రాతపూర్వకంగా జేబులో ఉంది. నేలమీద పరిస్తే నడుము నిలవాలి. చుట్టేస్తే మోటార్‌సైకిల్ వెనక పట్టాలి. అలాంటి పరుపు ఒకటి శనివారం సాయంత్రంలోగా పట్టుకోవాలి.

ఎందుకో చెబుతాను. ఏడాదికోసారి నేనూ సిగ్నల్సూ బండ్ల మీద వెళ్తాం. సిగ్నల్స్ అంటే నా దోస్తు. సైన్యంలో వైర్‌లెస్ సెట్టు మోసినవాడు, ఇప్పుడు కోఠిలో మొబైళ్లు బాగుచేస్తాడు. లక్నవరం చెరువు, బొగత జలపాతం, అక్కణ్నుంచి గోదావరి ఒడ్డు. ఆరు రోజులు. గుడారం వేసుకుని నేలమీదే పడక. మిగతా ఏడాదంతా నేను గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకు తలుపు దగ్గర తుపాకి పట్టుకుని నిలబడతాను. జనం లోపలికి వెళ్తారు, బయటికి వెళ్తారు. నేను మాత్రం ఎటూ వెళ్లను. ఎటైనా వెళ్లేది ఆ ఆరు రోజులే. ఈ మాటలో మందుగుండు లేదు.

కిందటేడు మూడో రోజు పొద్దున నేను లేవలేదు. లేవలేకపోయాను. కింద రబ్బరు షీటు, దానిమీద దుప్పటి, దానిమీద నేను. రాత్రంతా ఒక రాయి నా నడుముతో మాట్లాడుతూనే ఉంది. ములుగు నుంచి నాంపల్లిలోని మా ఇంటి దాకా నన్ను మిర్చి బస్తాల వ్యాన్‌లో, బస్తాల మీద పడుకోబెట్టి తెచ్చారు. నడుము పట్టేసిన మనిషికి తుమ్ము ఎంత ప్రమాదమో పౌరులకు తెలియదు. నేను తుమ్మిన ప్రతిసారీ డ్రైవరు వ్యాన్ ఆపి టైర్లు చూసుకున్నాడు. వరంగల్ దాటేసరికి అతనూ తుమ్మడం మొదలుపెట్టాడు.

ఇంటి దగ్గర హెడ్‌క్వార్టర్స్ ఎదురుచూస్తోంది. హెడ్‌క్వార్టర్స్ అంటే నా భార్య కరుణ. సర్కారు దవాఖానలో నర్సు. మూడు వారాలు నన్ను వార్డులో పేషెంటును తిప్పినట్టే తిప్పింది. ఏడాది గడిచింది. మళ్లీ డిసెంబరొచ్చింది. నేను బండికి ఆయిల్ మారుస్తుంటే వచ్చి తాళం తీసుకుంది.

"పోవద్దంటలేను," అంది. "పోయినోళ్లు నిలబడి రావాలె, పండుకొని రావద్దు. కింద పండుకునే పరుపేదో తెచ్చుకోండ్రి. నా కండ్ల ముంగట దానిమీద పండుకొని, గోడ పట్టుకోకుంట లేవాలె. అప్పుడిస్త తాళం."

"ఎప్పటిదాకా టైము?"

"ఎప్పుడు పోతున్నరు?"

"ఆదివారం పొద్దున ఆరింటికి."

"ఇంకేంది, శనివారం దాంక. గప్పటిదాంక తాళం నా డ్యూటీ బ్యాగుల ఉంటది. లేవలేకపోతే బండి అమ్మేద్దాం, మా తమ్ముడు అడుగుతున్నడు."

వాళ్ల తమ్ముడికి బండి నడపడం రాదు. శత్రువు ఎంత దూరం ఆలోచించాడో చూడండి.

సైన్యంలో ఏ వస్తువునూ పరీక్షించకుండా స్టోరులోకి తీసుకోరు. పరీక్ష అన్నిటికీ ఒకేలా ఉండాలి. అందుకని ఒక పద్ధతి రాసుకున్నాను. వెల్లకిలా పడుకోవాలి. మడమలు కలపాలి. చేతులు తొడలకు ఆనించాలి. గడ్డం లోపలికి. చూపు పైకప్పు మీద. అలా పది నిమిషాలు, గడియారం చూసుకుని. నిలబడితే సావధాన్ ఎలాగో, ఇది పడుకున్న సావధాన్. పద్ధతి మీద నాకు చాలా గర్వంగా ఉండేది.

మొదటి దాడి సుల్తాన్ బజార్‌లో. పదకొండు ఇరవై. చీరల దుకాణాల మధ్య ఆటసామాన్ల కొట్టు. యోగా మ్యాట్ అడిగాను. ఊదారంగుది పరిచాడు. నేను హెల్మెట్ తలకింద పెట్టుకుని పడుకున్నాను. కొట్టతను కౌంటరు మీంచి వంగి చూశాడు.

"సార్, దీనిమీద పండుకోరు. వంగుతరు."

"నేను వంగలేను. అందుకే పడుకున్నా."

"జర పక్కకు జరుగుతరా? గిరాకీ వస్తున్నది."

"ఇంకా ఆరు నిమిషాలుంది."

ఆరు నిమిషాల్లో పద్నాలుగు మంది నన్ను దాటివెళ్లారు. ఒక పెద్దావిడ ఎవరికో బాగాలేదనుకుని నీళ్లిచ్చింది. తాగాను. లేచాక నా వీపు మీద నేల బండల గీతలు అచ్చుపడ్డాయి. కావాలంటే ఆ కొట్టు నేల పటం నా వీపు చూసి గీయవచ్చు. తిరస్కరించాను.

పన్నెండు యాభైకి నాంపల్లి, స్టేషన్‌కు వెళ్లే దారిలో ఫోమ్ అమ్మే దుకాణం. పలకలు పలకలుగా పైకప్పు దాకా పేర్చి ఉంది. నాలుగంగుళాలది, ఆరడుగులు కోయించాను. పడుకున్నాను. స్వర్గం. పది నిమిషాల పరీక్ష పదిహేను నిమిషాలు చేశాను. పాసు. తరువాత దాన్ని చుట్టమన్నాను. ఇద్దరు మనుషులు మోకాళ్లు అదిమి చుట్టారు, తాడు కట్టారు. చుట్టిన తరువాత అది దూడంత ఉంది. చిన్న దూడ కాదు, పాలు మానేసిన దూడ.

బండి సిగ్నల్స్‌ది, అరువు తెచ్చాను, నాది జప్తులో ఉంది కదా. దాని వెనక కట్టి చూశాం. నేను కూర్చోవడానికి చోటు లేదు. నేను కూర్చుంటే అది కూర్చోవడానికి చోటు లేదు. అంతలో రేడియో మోగింది. అంటే ఫోను. సిగ్నల్స్ ఇప్పటికీ వైర్‌లెస్‌లో లాగే ప్రతి మాట చివరా ఓవర్ అంటాడు. వాళ్ల ఆవిడతో కూడా.

"పరుపు దొరికిందా? ఓవర్."

"దొరికింది. బండి దొరకాలి. లారీ ఏదన్నా ఉందా?"

"ఏంది, డబుల్ కాట్ కొన్నవా? అరే, ఇరవై ఏండ్ల కింద మంచుల చెక్కల మీద పండుకున్నవ్ కదా బై. ఓవర్."

"అప్పుడు నడుము గవర్నమెంటుది. ఇప్పుడు నాది."

అతను నవ్వుతూనే పెట్టేశాడు. ఓవర్ అనడం మరిచిపోయాడు. ఫోమ్ తిరిగి దుకాణంలోకి వెళ్లింది. దుకాణదారు కోసిన ఫోమ్‌ను చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ ఫోమ్‌ను చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

శుక్రవారం, పదకొండు గంటలు, కోఠి. దవాఖాన సామాన్ల దుకాణం. చక్రాల కుర్చీలు, చంక కర్రలు, వాటి మధ్య గాలి పరుపు. మంచాన పడ్డవాళ్లకు ఒళ్లు పుండ్లు పడకుండా వాడేది. బుడగలు బుడగలుగా ఉంది. నాకు ఆశ పుట్టింది.

"పేషెంట్ ఎవరు సార్?"

"నేనే."

అతను నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "మీరు నడుస్తున్నరు కదా?"

"నడవడానికి కాదు, పడుకోవడానికి."

"ఎన్ని దినాల సంది మంచంల ఉన్నరు?"

"మంచంలో లేను. అడవిలో ఉంటాను."

అతను లోపలికి వెళ్లి వాళ్ల నాన్నను పిలుచుకొచ్చాడు. ఇద్దరూ కలిసి నాకు నెమ్మదిగా, గట్టిగా మాట్లాడకుండా, పరుపు చూపించారు. దానికో చిన్న మోటారుంది. మోటారు ఎప్పుడూ తిరుగుతుండాలి. తిరగాలంటే కరెంటు కావాలి. అడవిలో కరెంటు సంగతి అడిగితే పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, "ఇంట్ల ఎవరన్న ఉన్నరా బిడ్డా? ఫోన్ చెయ్యమంటవా?" అన్నాడు. వయసులో నాకంటే ఎనిమిదేళ్లు పెద్దయి ఉంటాడు. బయటికొచ్చేశాను.

మధ్యాహ్నం సిగ్నల్స్ తన కొట్టు వెనక నుంచి వాళ్ల పిల్లల ఈతకొలను పరుపు తీశాడు. నీలం రంగు, మీద డాల్ఫిన్. నోటితో ఊదాలి. ఊదాను. నలభై ఒక్క నిమిషాలు. పన్నెండో నిమిషంలో చుక్కలు కనిపించాయి, ఇరవయ్యో నిమిషంలో మా రెజిమెంటు సుబేదార్ సాబ్ కనిపించి ఇంకా ఊదమన్నాడు. నిండాక పడుకున్నాను. ఊపిరి పీల్చినా కిర్రుమంటుంది. తొమ్మిదో నిమిషానికి డాల్ఫిన్ నిట్టూర్చింది. నేను మెల్లగా, గౌరవంగా, నేలమీదికి దిగాను.

"ఓవర్," అన్నాడు సిగ్నల్స్.

ఆ సాయంత్రం హెడ్‌క్వార్టర్స్‌కు నివేదిక ఇచ్చాను. అప్పటికి అది నా నడుము గురించి ఆ వారంలో పదకొండో నివేదిక. ఆమె నిలబడే అన్నం తింటోంది. వార్డులో ఇంకో సిస్టర్ సెలవులో ఉంది, ఈమెది వారమంతా డబుల్ డ్యూటీ. "మంచిది," అంది. "రేపు ఒక్క రోజే ఉన్నది." పళ్లెం కడిగి మళ్లీ బయల్దేరింది.

శనివారం పదకొండు పదికి అబిడ్స్‌లో ఒక సందులో, మెట్లెక్కి, పై అంతస్తులో, ట్రెక్కింగ్ సామాన్ల దుకాణం కనిపెట్టాను. కనిపెట్టానంటే, మూడు రోజులుగా దాని కిందే టీ తాగుతున్నాను. పైకి చూడలేదు. బోర్డు మీద గుడారం బొమ్మ కూడా ఉంది. దుకాణదారు కళ్లద్దాలాయన, సన్నగా ఉన్నాడు. ఇన్నాళ్లకు మనవాడు దొరికాడు. పరుపు గురించి మాట్లాడుతుంటే ఆయన గొంతు మారిపోయింది.

"మూడు రకాలున్నయ్ సార్. ఫోమ్‌ది మడతపెట్టేది, పగలదు, చిరగదు, గానీ గట్టిగుంటది. రెండోది వాల్వు తిప్పితే దానంతటదే గాలి పీల్చుకుంటది, లోపల పల్చటి ఫోమ్ ఉంటది. మూడోది వట్టి గాలిది, మందంగుంటది, మడిస్తే చిన్నగైతది. ముండ్లు గుచ్చుకుంటే మాత్రం ఖతం, ప్యాచ్ వెయ్యాలె. కింది చలి ఎంత ఆపుతదో దీనిమీద నంబర్ ఉంటది చూడుండ్రి. మీరెట్ల పండుకుంటరు?"

"సైనికుడిలా."

ఆయనకది జవాబుగా తోచలేదు, కానీ మర్యాదస్థుడు, పరిచాడు. నేను పడుకున్నాను. మడమలు, చేతులు, గడ్డం. మొదటి రెండింటి మీద పదేసి నిమిషాలు. ఫోమ్‌ది ఫెయిల్. మూడోది, గాలిది, నేను లెక్కలోకే తీసుకోలేదు. గాలి మీద నమ్మకం నిన్న డాల్ఫిన్‌తోనే పోయింది. పైగా పసుపు రంగు, బజారులో అమ్మే బాదంపాల రంగు. రెండోది, అంగుళం మందం, ముదురాకుపచ్చ, చుట్టేస్తే చంకలో పట్టింది. పది నిమిషాలూ నడుము నోరు మెదపలేదు. పాసు. లేచి దుకాణదారుకు దాదాపు సెల్యూట్ కొట్టాను. హెడ్‌క్వార్టర్స్‌కు కబురు పెట్టాను: లక్ష్యం దొరికింది, తనిఖీకి రావలెను.

కరుణ రెండు నలభైకి వచ్చింది. డ్యూటీ దిగి నేరుగా. మెడలో దవాఖాన కార్డు, భుజానికి బ్యాగు, బ్యాగులో నా తాళం. మెట్ల దగ్గర ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంది.

"పండుకోండ్రి," అంది.

పడుకున్నాను. మడమలు కలిపాను. చేతులు ఆనించాను. గడ్డం లోపలికి లాగాను. చూపు పైకప్పు మీద.

ఆమె కాసేపు చూసింది.

"ఏంది ఇది?"

"పరీక్ష."

"ఇట్లెవరు పండుకుంటరు?"

"నేను."

"ఇరవై ఆరేండ్ల సంది చూస్తున్న. ఒక్కనాడన్న ఇట్ల పండుకున్నరా మీరు? పక్కకు తిరిగి, మోకాళ్లు గడ్డం దాంక పెట్టుకొని, రొయ్య తీరుగ ముడుచుకుంటరు. ఈ మూడు దినాలు గిట్లనే చూసిన్రా అన్నీ?"

నేను పైకప్పునే చూస్తున్నాను. ఫ్యానుకు మూడు రెక్కలు.

"గిట్లనే," అన్నాను.

కళ్లద్దాలాయన గోడవైపు తిరిగి గుడారాల కర్రలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"తిరుగుండ్రి పక్కకు."

తిరిగాను. తుంటి ఎముక ఆ అంగుళాన్ని దాటుకుని నేలను తాకింది. ఆ చప్పుడు కింద టీ కొట్టు దాకా వినిపించిందంటాను. లేవబోయాను. కుడిచెయ్యి దానంతటదే గోడ వైపు వెళ్లింది. ఆమె ఆ చేతినే చూస్తోంది.

ఫెయిల్. మూడు రోజులు. ఆరు పరుపులు. దాదాపు గంట సావధాన్. నిద్రలో ఎవడూ సావధాన్‌గా ఉండడని స్టోర్ కీపర్‌కు తట్టలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. పరుపుల మీద, నడుము మీద, ఆ డాల్ఫిన్ మీద, అన్నిటికంటే ఎక్కువగా నా రాతపూర్వక పద్ధతి మీద. ఫోను తీశాను.

"సిగ్నల్స్, నేను రావట్లేదు. నువ్వు వెళ్లు."

"నువ్వు రాకుంటే నేనొక్కన్ని ఆడ ఎవనితోటి కొట్లాడాలె?" అన్నాడు. ఓవర్ అనలేదు. నేను పెట్టేశాను.

కరుణ చెప్పులు విప్పింది. కళ్లద్దాలాయనతో, "అన్నా, గా పసుపుపచ్చది వెయ్యి," అంది. ఆయన గాలి నింపి పరిచాడు. మూడంగుళాల పైన ఉంది. ఆమె బ్యాగు తలకింద పెట్టుకుని పక్కకు తిరిగి పడుకుంది.

"చూడుండ్రి. నడుము బాగలేనోళ్లను మేం వార్డుల ఇట్ల పండపెడ్తం. మోకాళ్ల నడుమ మీ తువ్వాల మడిచి పెట్టుకోవాలె. తుంటి కింద నేల తగలద్దు. గాలి మస్తుగ నింపద్దు, జర తగ్గియ్యాలె. అప్పుడు భుజం లోపలికి..."

భుజం లోపలికి వెళ్లాక ఏమవుతుందో చెప్పలేదు. నేను ఎదురుచూశాను. ఆలోచిస్తోందనుకున్నాను. తరువాత కార్డు ఆమె గుండె మీద నెమ్మదిగా లేచి, నెమ్మదిగా దిగింది.

నిద్రపోయింది.

"లేపాల్నా సార్?" అన్నాడు కళ్లద్దాలాయన, గుసగుసగా.

"వద్దు."

ఆయన ఫ్యాను ఆమెవైపు తిప్పాడు. కింద ఆటోలు హారన్లు కొడుతూనే ఉన్నాయి. గుడారం కోసం ముగ్గురు కాలేజీ అమ్మాయిలు మెట్లెక్కి వచ్చారు. ఆయన వేలు పెదవి మీద పెట్టుకున్నాడు. వాళ్లు నేలమీద నర్సమ్మను చూశారు, కార్డు చూశారు. ఒకమ్మాయి బూట్లు విప్పి చేత్తో పట్టుకుంది. గుడారం బేరమంతా చేతివేళ్లతో జరిగింది. నేను కరుణ తలవైపు గోడ వారగా నిలబడ్డాను, మడమలు కలిపి. పదిహేడేళ్ల సర్వీసులో, పద్నాలుగేళ్ల బ్యాంకు కొలువులో, నేను కాపలా కాశానని గట్టిగా చెప్పుకోగలిగేది ఆ మధ్యాహ్నమే. నా నడుము గురించి పదకొండు నివేదికలిచ్చాను. ఆమె నడుము గురించి ఒక్కటీ అడగలేదన్నది అక్కడ నిలబడ్డాక తట్టింది.

కళ్లు తెరిచి ఆమె ముందు నన్ను చూసింది, తరువాత కాలేజీ అమ్మాయిలను. కొంగు సర్దుకుని లేచింది. గోడ పట్టుకోలేదు.

"ఎంతసేపైంది?"

"ఐదు నిమిషాలు," అన్నాను. ఒక అంకెను తగ్గించి చెప్పడం నా జీవితంలో అదే మొదలు.

"ఇదే తీస్కోండ్రి."

"రంగు చూశావా?"

"పండుకున్నంక రంగెవరు చూస్తరు. మీరు ఒకసారి పండుకోండ్రి, మీ తీరుగ."

నా తీరుగానే పడుకున్నాను, రొయ్యలా, తువ్వాలు మోకాళ్ల మధ్య పెట్టుకుని, అందరి ముందూ. నేల తగల్లేదు. లేచాను, రెండు చేతులూ గాల్లో పెట్టి చూపించాను. ఆమె బ్యాగులో చెయ్యి పెట్టి తాళం తీసింది. నేను సిగ్నల్స్‌కు ఫోను చేశాను.

"వస్తున్నా."

"నాకెర్కనే. నువ్వు రావని నేనింకా ఇంట్ల చెప్పనే లేదు. ఓవర్."

వెళ్లాం. ఐదు రాత్రులు. గోదావరి ఒడ్డున చలి ఎముకలు కొరికింది, పరుపు నన్ను కొరకలేదు. సిగ్నల్స్ రబ్బరు షీటు మీద పడుకుని పొద్దున్నే నా పసుపు పరుపును కాలితో తన్నేవాడు. శుక్రవారం సాయంత్రం ఐదు యాభైకి ఇంటి ముందు బండి ఆపాను. కరుణ గేటు దగ్గరే ఉంది. ముఖం చూడలేదు, నడుము చూసింది.

"దిగుండ్రి."

దిగాను.

"వంగుండ్రి."

వంగాను.

"లేవుండ్రి."

లేచాను. ఆమె టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

ఆ ప్రయాణంలో చాలా చూశాను. బొగత నీళ్లు చూశాను, లక్నవరంలో పొగమంచు చూశాను. కళ్లు మూసుకుంటే అవేవీ రావు. వచ్చేది అబిడ్స్‌లో ఒక పై అంతస్తు. పసుపు పరుపు చివర పక్కపక్కనే పెట్టిన ఒక జత చెప్పులు, మడమల దగ్గర అరిగిపోయినవి. లేచి దిగే కార్డు.

ఇక నేను కల్పించింది చెప్పాలి. డాల్ఫిన్ నిజం, మిర్చి వ్యాన్ నిజం, తుమ్ములు కొంచెం ఎక్కువ వేశాను. పూర్తి అబద్ధం ఒక్కటే, నేను మడమలు కలిపి నిలబడ్డానన్నది. నాలుగో నిమిషానికే నా నడుము లొంగిపోయింది. కళ్లద్దాలాయన స్టూలు వేశాడు, కూర్చున్నాను, ఆయన తెప్పించిన టీ కూడా తాగాను. ఆమె నిద్రపోయింది మాత్రం ఇరవై రెండు నిమిషాలు. అది నా లెక్క కాదు, ఆ దుకాణం గోడ గడియారానిది.